రివెట్ ఎందుకు ఉబ్బాలి?

ఇంట్లో కిట్ విమానం కట్టేవాళ్లకు తరచూ ఎదురయ్యే ప్రశ్న: ఇన్ని వేల రివెట్లు ఎందుకు, వెల్డింగ్ చేసేస్తే పోదా? వెల్డింగ్ అంటేనే బలం అనేది మనలో పాతుకుపోయిన మూఢనమ్మకం. చాలా కిట్లలో రెక్కకు తొడిగే రేకు 2024-టీ3 అనే రకం అల్యూమినియం. అందులో కలిసిన రాగి, దాదాపు 495 డిగ్రీల దాకా కాచి చటుక్కున చల్లార్చడం, ఈ రెండూ దాని బలానికి మూలం. వెల్డింగ్ వేడికి ఆ పదును పోతుంది, అతుకు పగుళ్లిస్తుంది.

అందుకే రివెట్: ఒక చివర తల, కింద కాడ, రెండో చివర తోక ఉండే లోహపు మేకు. దాన్ని బిరడాలా దూర్చి వదిలేస్తే చాలదు. కాడ వ్యాసం 3.18 మి.మీ. అయితే, దానికోసం వేసే రంధ్రం 3.26 మి.మీ. ఆ 0.08 మి.మీ. ఖాళీ వెంట్రుక మందమంత. అది మిగిలిపోతే రేకులు ప్రతి కుదుపుకూ అటూ ఇటూ జారి రంధ్రాన్ని తినేస్తాయి. దెబ్బ పడ్డప్పుడు కాడ ముందు ఉబ్బి ఆ ఖాళీని నింపేయాలి, ఆ తర్వాతే తోక వైపు తల తయారవ్వాలి.

తల వైపు రివెట్ గన్ కొడుతుంది. తోక దగ్గర బకింగ్ బార్ అనే ఉక్కు దిమ్మ ఆనించి పట్టుకుంటారు. నిజానికి తోకను నలిపేది బార్ జడత్వమే. బార్ తేలికైతే ఎగిరెగిరి పడుతుంది, దెబ్బలు ఎక్కువ కావాలి. కొట్టినకొద్దీ లోహం గట్టిపడి చివరికి తోక వైపు తల అంచు చీలుతుంది. కాబట్టి బరువైన బార్, తక్కువ దెబ్బలు. (రివెట్ తల మధ్యలో చిన్న గుంట ఉంటే అది ఏడీ రకం, 2117 మిశ్రలోహం, డబ్బాలోంచి తీసి నేరుగా కొట్టొచ్చు. డీడీ రకమైతే కాచి చల్లార్చాక ఫ్రీజర్‌లో ఉంచాలి, బయట పెడితే గట్టిపడిపోతుంది.)

కొలతలన్నీ కాడ వ్యాసంతోనే. కొట్టకముందు కాడ రేకుల మందం దాటి వ్యాసానికి ఒకటిన్నర రెట్లు బయటికి ఉండాలి. కొట్టాక తోక వైపు తల వెడల్పు ఒకటిన్నర రెట్లు, ఎత్తు సగం. 3.2 మి.మీ. రివెట్‌కు 4.8, 1.6. కాడ మరీ పొడవైతే ఉబ్బే బదులు ఒక పక్కకు వంగుతుంది.

మోసం చేసేది మాత్రం రేకుల మధ్య సందు. రంధ్రం అంచున బర్ర్ (డ్రిల్ చేశాక మిగిలే గరుకు లోహం) తీయకపోయినా, క్లీకోలు (రేకుల్ని తాత్కాలికంగా బిగించి ఉంచే క్లిప్పులు) దూరదూరంగా పెట్టినా రేకులు పూర్తిగా అతుక్కోవు. అప్పుడు లోహం ఆ సందులోకి ఉబ్బుతుంది. పైకి తల చక్కగా ఉంటుంది, లోపల రేకులు విడిగానే ఉంటాయి. ఇక ఆ రివెట్‌ను పీకాల్సిందే: గన్ కొట్టిన వైపు తల మధ్యలో, తల లోతు వరకే డ్రిల్ చేసి, పంచ్‌తో తల విరిచి, వెనక ఆనిక పెట్టి కాడను తోసేయాలి. తొందరపడితే రంధ్రం పెద్దదవుతుంది. పై సైజు రివెట్ వేయొచ్చు కానీ, రంధ్రం మధ్య నుంచి రేకు అంచుకు వ్యాసానికి రెండింతల దూరం కావాలి. 2.4 మి.మీ. రివెట్‌కు 4.8 సరిపోయిన అంచు 3.2కు చాలదు, అక్కడ 6.4 ఉండాలి. డ్రిల్ పట్టుకునే ముందే స్కేలు పెట్టి అంచు కొలవండి.