పది కార్లు, ఒకే కేబుల్

పిల్లలూ,

"ఆఫీసు పార్కింగ్‌లో ఎలక్ట్రిక్ కార్లకు పది ఛార్జర్లు పెట్టడానికి ఇంత ఆలోచనెందుకు తాతయ్యా, బిగించేస్తే పోదా?" అని మొన్న ఫోన్‌లో అడిగారు కదా. కరెంటు పనిలోనే తల నెరిసినవాణ్ణి, నింపాదిగా చెబుతాను.

230 వోల్టుల దగ్గర 32 ఆంపియర్లు తీసుకునే ఛార్జర్ 7.36 కిలోవాట్లు లాగుతుంది. పది కలిస్తే 73.6. ఆ భవనానికి వచ్చేది 100 ఆంపియర్ల త్రీ ఫేజ్ సరఫరా, అంటే మూడు కరెంటు తీగల్లో ఒక్కోదాంట్లో 100 ఆంపియర్లు అనుకోండి. 3×230×100, అంటే మొత్తం 69 కిలోవాట్లే! లిఫ్టులు, ఏసీలు, కంప్యూటర్లు అన్నీ ఆపేసినా చాలదు.

పైగా కార్ల లోడు వేరే రకం. నీళ్లు కాచే కెటిల్ నాలుగు నిమిషాల్లో ఆగిపోతుంది, వైరు చల్లారుతుంది. కారు గంటల తరబడి లాగుతూనే ఉంటుంది. కరెంటు రెట్టింపైతే వైరులో పుట్టే వేడి నాలుగు రెట్లవుతుంది. ఒకచోట కొత్తగా ఛార్జర్లు పెట్టాక, సరఫరా ఆపించి ప్యానెల్ తలుపు తీశాను. కాలిన ప్లాస్టిక్ వాసన గుప్పుమంది. కాస్త వదులైన లగ్ (వైరు కొసకు బిగించే లోహపు తొడుగు) దగ్గర ఎర్రటి ఇన్సులేషన్ నల్లబడి, గోరు తగిలితే పొడిపొడిగా రాలింది. అది గుర్తొస్తే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

అలాగని పెద్ద కేబుల్, కొత్త ట్రాన్స్‌ఫార్మర్ అంటూ వెంటనే పరుగెత్తక్కర్లేదు. నాకు ముచ్చటేసేది ఇక్కడే. భవనం వాడకం బాగా ఎక్కువగా ఉన్న వేళ 45 కిలోవాట్లు అనుకుందాం. 69లో ఇంకా 24 మిగిలాయి. పది కార్లకు పంచితే తలా 2.4. తక్కువే అనిపిస్తుంది కదూ? కానీ కారు అక్కడ ఎనిమిది గంటలు నిలబడి ఉంటుంది. 19 యూనిట్లు ఎక్కుతాయి. మామూలు కారు దాంతో వంద కిలోమీటర్ల దాకా తిరుగుతుంది. చాలామందికి రోజూ ఇంటికీ ఆఫీసుకీ అంత దూరమే ఉండదు.

ఈ పంపకాన్ని లోడ్ మేనేజ్‌మెంట్ అంటారు. మెయిన్ కేబుల్‌కు తొడిగిన సీటీలు, అంటే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్లనే రింగులు, కరెంటును కొలుస్తుంటాయి. ఏసీల వాడకం పెరిగితే ఛార్జర్లు లాగే కరెంటు తగ్గుతుంది, ఆ వాడకం తగ్గితే ఇవి పుంజుకుంటాయి. ఒక్కో కారుకు కనీసం 6 ఆంపియర్లు ఇవ్వాలి. అంతకన్నా తగ్గితే ఛార్జింగ్ ఆగిపోతుంది కాబట్టి, అప్పుడు కార్లు వంతులవారీగా తీసుకుంటాయి. ఛార్జర్లను మూడు ఫేజులకూ సమంగా సర్దడం మాత్రం మరవకూడదు. ఒకే ఫేజు మీద పడేస్తే ఈ లెక్కంతా తప్పుతుంది.

ఓ భవనంలో నెల రోజులు కొలిచిన చార్టు దీనితో పంపుతున్నాను. మధ్యాహ్నం మూడింటికి గీత ఎక్కడిదాకా లేచిందో చూసి, ఇంకెన్ని కార్లకు చోటుందో మీరే లెక్కకట్టి నాకు రాయండి.

మీ తాతయ్య