"టెన్షన్ పడకండి" అంటే తగ్గదు

కౌన్సెలింగ్‌కి వచ్చినవాళ్లలో నేను ముందు చూసేది చేతులు. ఒకాయన "నాకేం టెన్షన్ లేదండీ, మా ఆవిడ పోరితే వచ్చాను" అంటూ కూర్చున్నారు. అరగంటయ్యాక గుప్పిట తెరిస్తే స్కూటర్ తాళంచెవి అచ్చు అరచేతిలో ఎర్రగా పడి ఉంది.

అపోహ: టెన్షన్ అంతా మనసులోనే.

వాస్తవం: చాలామందికి అది ముందు ఒంట్లోనే తెలుస్తుంది. ముప్పుందని మెదడుకు తోచగానే మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ అనే హార్మోన్ వదులుతాయి. గుండె దడదడలాడుతుంది, కండరాలు బిగుస్తాయి. తలపడటానికో పారిపోవడానికో ఒళ్లు ఇలా సిద్ధమవుతుందని వాల్టర్ కానన్ అనే అమెరికన్ శరీరశాస్త్రవేత్త 1915లోనే రాశారు. కుక్క వెంటపడితే ఆ బలమంతా పరుగులో ఖర్చయిపోతుంది. ఈఎంఐ కట్టమని మెసేజ్ వస్తే ఎటు పరిగెడతాం? ఆ బిగువు దవడల్లోనో, మెడలోనో ఉండిపోతుంది. మూడు దిండ్లు మార్చినా మెడనొప్పి పోలేదని వచ్చినవాళ్లూ ఉన్నారు.

అపోహ: టెన్షన్ అసలు ఉండకూడదు.

వాస్తవం: పరీక్ష ముందు ఆ మాత్రం గుబులు లేకపోతే పుస్తకం ఎవరు తీస్తారు? పరీక్ష అయిపోయాక కూడా వదలకపోతేనే చిక్కు.

అపోహ: రిలాక్స్ అవ్వాలని గట్టిగా అనుకుంటే చాలు.

వాస్తవం: ఎక్కడ బిగుసుకుందో తెలియకుండా ఏం వదులు చేస్తారు? ఎడ్మండ్ జాకబ్సన్ అనే అమెరికన్ వైద్యుడు కండరాలను వదులు చేసే తన పద్ధతిని 1929లో పుస్తకంగా తెచ్చారు. ఇప్పుడు మేం నేర్పేది దాని పొట్టి రూపం. పిడికిలి ఐదు సెకన్లు బిగించి, ఒక్కసారిగా వదిలేయాలి. ఆ తర్వాత పదిహేను, ఇరవై సెకన్లు చెయ్యి ఎలా ఉందో గమనించాలి. ఆపైన భుజాలు, దవడ, నుదురు. నొప్పి ఉన్నచోట బిగించొద్దు. వదలడం కన్నా బిగువును పసిగట్టడం నేర్చుకోవడమే ఇందులో అసలు కిటుకు.

తాళంచెవి ఆయన మూడోసారి వచ్చినప్పుడు, కూతురి కాలేజీ ఫీజు మాట రాగానే చెయ్యి జేబులోకి పోయింది. నేను నోరు తెరిచేలోపే "ఇదిగో, మళ్లీ పట్టుకున్నా" అన్నారు. ఆరోజంతా ఫీజు గురించే మాట్లాడుకున్నాం.

అపోహ: అరిచేస్తే లోపలిది పోతుంది.

వాస్తవం: పళ్లెం విసిరినవాళ్ల గుండె వేగం తగ్గదు, ఇంకా పెరుగుతుంది. ఇంట్లోవాళ్లది కూడా.

అపోహ: ఛాతీ పట్టేసినట్టుంటే టెన్షనే.

వాస్తవం: ఈ మాట అనే హక్కు నాకూ లేదు, మీకూ లేదు. ఛాతీలో నొప్పి, చెమటలు, చెయ్యి లాగడం ఉంటే ముందు ఆసుపత్రికి వెళ్లి ఈసీజీ తీయించుకోండి. గుండె బాగానే ఉందని డాక్టరు చెప్పాక నా దగ్గరికి రండి. వారాల తరబడి నిద్ర పట్టకపోతే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయొచ్చు. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.