రాగి పూసల ఎలక్ట్రోడ్

బెంగళూరు

పిల్లలూ,

పీణ్యలో మా షెడ్డు చూడ్డానికి వచ్చినప్పుడు, ప్లేటింగ్ (సామాను మీద రాగి పూత) అయ్యాక సామాను కడిగిన లేత నీలం నీళ్ళు చూసి "అందులో రాగి ఉందిగా పెదనాన్నా, కరెంటు పెట్టి లాగేయొచ్చు కదా" అన్నారు. లాగొచ్చు. కానీ కథంతా ఆ రాగి ఎంత పల్చగా ఉందన్న దగ్గరే ఉంది.

లీటరుకి 100 మిల్లీగ్రాములు ఉందనుకోండి. బయటికి వదిలే నీళ్ళలో 3 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశంలో రూలు. రెండు రేకులు ముంచి కరెంటు ఇస్తే, కాథోడ్ రేకుని, అంటే మైనస్ వైపు రేకుని, ఆనుకుని ఉన్న రాగి అయాన్లు (నీళ్ళలో కరిగి, విద్యుదావేశంతో ఉన్న రాగి) చటుక్కున అయిపోతాయి, దూరంగా ఉన్నవి తీరిగ్గా వస్తుంటాయి, ఈలోగా మనం తొందరపడి కరెంటు పెంచామా, అది రాగిని వదిలేసి నీళ్ళనే విడగొట్టి హైడ్రోజన్ బుడగలు తీస్తుంది. బిల్లు మాత్రం మనమే కట్టాలి! కాబట్టి పెంచాల్సింది కరెంటు కాదు, ముందు రేకు వైశాల్యం.

1969లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ పరిశోధకులు దీనికో పద్ధతి ప్రచురించారు. రేకు బదులు సన్నటి పూసలు పోసి, కింద నుంచి పంపుతో ద్రావణాన్ని పైకి తోస్తారు, అన్నం ఉడికేటప్పుడు గిన్నెలో మెతుకుల్లా పూసలు లేచి కదులుతుంటాయి. అర మిల్లీమీటరు పూసలు లీటరు చోటులో సగం నిండితే వాటి పైతలం మొత్తం 6 చదరపు మీటర్లు. నమ్మకం లేకపోతే గోళం సూత్రాలు తీసి లెక్కేసుకోండి. (ఆ బృందంలోని ఫ్లైష్‌మన్ అనే ఆయనే 1989లో మరొకాయనతో కలిసి, గది వేడిలోనే అణు సంలీనం చేశామని ప్రకటించి పెద్ద గొడవ రేపారు. అది వేరే ఉత్తరం.)

ఇక్కడే అసలు చిక్కు. పూసలకి కరెంటు అందేది వాటి మధ్యలోకి దించిన ఒక రేకు నుంచి, ఒకదాన్నొకటి తాకుతూ, గుద్దుకుంటూ. నీళ్ళు గట్టిగా తోస్తే పూసలు విడిపోయి కరెంటు అందదు, మెల్లగా తోస్తే కదలకుండా కూర్చుని, పైన పడే రాగితో ఒకదానికొకటి అతుక్కుని గడ్డకట్టేస్తాయి. రేకుని ఆనుకున్న పూసల మీద రాగి దట్టంగా పడుతుంటే, కరెంటు సరిగా అందని మూల పడిన రాగే మళ్ళీ కరిగి నీళ్ళలో కలిసిపోవచ్చు కూడా. అందుకే పూసల పరుపు కొంచెమే ఉబ్బేలా పంపుని సరిచేసుకోవాలి. ఆనోడ్‌కీ (ప్లస్ వైపు రేకు) పూసలకీ మధ్య సన్నటి పొర అడ్డుపెట్టాలి, లేకపోతే షార్ట్ సర్క్యూట్.

నాకు దీంట్లో బాగా నచ్చేది ఇంకోటుంది. రాగి పట్టి లావెక్కిన పూసలు బరువుకి అడుగుకి దిగుతాయి. కింద నుంచి వాటిని తీసుకుంటూ, పైన చిన్నవి వేస్తూ పోతే యంత్రం ఆపే పనే లేదు.

మరి ప్రతి షెడ్డులో ఎందుకు లేదంటారా? సున్నం కలిపితే రాగి బురదలా అడుగుకి దిగుతుంది, చిన్న షెడ్డుల వాళ్ళకి అదే చవక. తర్వాత ఆ బురదని ఎక్కడ పారేయాలో తెలియక టెన్షన్ పడతారు, అది వేరే సంగతి.

మీ పెదనాన్న