మొక్కే కదా తాతయ్యా!

పిల్లలూ,

మొన్న ఫోన్లో మన చిన్నాడు అడిగాడు, "తాతయ్యా, గంజాయి కూడా మొక్కే కదా, మన పాడేరు, చింతపల్లి కొండల్లో పెరిగేదే కదా, ఒక్కసారి తాగితే ఏమవుతుంది?" అని. పక్కనున్న వాళ్ళమ్మకి గుండె ఆగినంత పనైంది. నాకు మాత్రం ప్రశ్న నచ్చింది. దొంగచాటుగా తాగాలనుకున్నవాడు తాతని అడగడు కదా. అందుకే మీ అందరికీ కలిపి రాస్తున్నా.

మొక్కే. గన్నేరూ మొక్కే, ఉమ్మెత్తా మొక్కే. ఆ సంగతి అక్కడితో సరి.

అసలు సంగతి మీ వయసు. మధురవాడ వైపు బస్సులో వెళ్తుంటే కొత్తగా స్లాబు వేసిన ఇళ్ళు కనిపిస్తాయి చూడండి, బయటినుంచి చూస్తే ఇల్లు అయిపోయినట్టే ఉంటుంది, కానీ కింద ఇంకా స్లాబుని మోసే సెంట్రింగు కర్రలు నిలబడే ఉంటాయి. కాంక్రీటు బలాన్ని 28 రోజులకి లెక్క కడతారు. మీ బుర్ర స్లాబుకి అంత తొందర లేదు, దాదాపు 25 ఏళ్ళు పడుతుంది. అందులోనూ ఆఖర్న గట్టిపడేది నుదుటి వెనక భాగం, 'ఆగరా, రేపటి సంగతి ఆలోచించు' అని చెప్పేది అదే. వద్దు అనాల్సిన చోటే ఇంకా పచ్చిగా ఉందన్నమాట!

కంచరపాలెంలో మా ఇంటికి స్లాబు వేసినప్పుడు అది గట్టిపడాలని దానిమీద మట్టితో చిన్న చిన్న గట్లు కట్టి నీళ్ళు నింపారు. నూతిలోంచి తోడి పైకి మోసే పని మా పిల్లలదే, మేమేమో ఆ మడుల్లో కాగితం పడవలు వదిలేవాళ్ళం, మా నాన్న కిందనుంచి అరిచేవారు. మా వీధి చివరాయన మాత్రం కూతురి పెళ్ళి ముహూర్తం దగ్గరపడిందని కర్రలు ముందే తీయించేశాడు. స్లాబు పడిపోలేదు. పెళ్ళి బ్రహ్మాండంగా జరిగింది, మేం రెండుసార్లు లడ్డూలు వేయించుకున్నాం. తరవాత మెల్లగా నడిమధ్యలో కుంగి, ప్రతి వానాకాలం వాళ్ళింట్లో గిన్నెలు పరచడమే.

ఇంకో మాట. మేస్త్రి సిమెంటులో నీళ్ళు కొలిచి పోయిస్తాడు. ఎక్కువ పోస్తే మాలు జారుగా సులువుగా పరుచుకుంటుంది, ఆరాక మాత్రం బలం ఉండదు. మీ మెదడు కూడా తనకి కావలసిన ఒక రసాయనాన్ని తనే, కావలసినప్పుడు, కాస్త కాస్తగా తయారుచేసుకుంటుంది. గంజాయిలో మత్తెక్కించే టీహెచ్‌సీ అనే పదార్థం సరిగ్గా ఆ రసాయనం కూర్చోవాల్సిన చోట్లలోనే దూరి గంటలతరబడి కూర్చుంటుంది, అంటే మేస్త్రి కొలతమీద ఎవడో బిందెడు నీళ్ళు కుమ్మరించినట్టు. ముందు దెబ్బ తినేది జ్ఞాపకం, చదివింది నిలవదు. కొందరికి లేనిపోని అనుమానాలు, భయాలు, ఎవరో పిలుస్తున్నట్టు మాటలు వినబడటం.

ఒక్కసారికే ఇల్లు కూలుతుందని నేను అబద్ధం చెప్పను. కానీ ఎవరి స్లాబు ఎంత పచ్చిగా ఉందో పైనుంచి చూసి చెప్పలేం. చిన్నవయసులో మొదలెట్టినవాళ్ళలో సుమారు ఆరుగురిలో ఒకరు దానికి బానిసవుతారని డాక్టర్ల లెక్క. చాక్లెట్ అని ఇచ్చినా అదే సరుకు.

మన విశాఖలో దీనికి ఇంకో తలనొప్పి ఉంది. కొండమీద నుంచి సరుకు దిగే దారి మన ఊరిమీదుగానే, అందుకని 'ఈ బ్యాగు కాస్త ద్వారకా బస్ స్టేషన్ దాకా పట్టుకురా, ఖర్చులకి డబ్బులిస్తా' అనేవాళ్ళు తగులుతారు. 1985 నాటి మత్తుమందుల చట్టం ప్రకారం కిలో లోపు దొరికినా ఏడాది వరకు జైలు పడొచ్చు, 20 కిలోలు దాటితే పదేళ్ళకి తక్కువ ఉండదు. బ్యాగులో ఏముందో తెలీదంటే నమ్మించడం చాలా కష్టం. ఎవరి బ్యాగూ మొయ్యకండి, అంతే.

'వద్దురా' అనడానికి సిగ్గయితే నామీద తోసెయ్యండి, 'మా తాత చొక్కా వాసన చూస్తాడు' అనండి. నిజంగానే చూస్తా.

మీ జట్టులో ఎవడైనా ఇప్పటికే మొదలెట్టేసి, క్లాసులు ఎగ్గొట్టి ఒంటరిగా తిరుగుతుంటే వాణ్ణి వెలేయకండి. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, అలవాటు మాన్పించే డాక్టర్లుంటారు. అమ్మేవాళ్ళ గురించి చెప్పాలంటే ఈగల్ (గంజాయి, మత్తుమందుల పని పట్టే మన రాష్ట్ర పోలీసు దళం) వాళ్ళ నంబరు 1972. ఇవేవీ తోచకపోతే అర్ధరాత్రయినా నాకు ఫోన్ చెయ్యండి. తిట్లు తరవాత చూసుకుందాం, ముందు ఎక్కడున్నారో చెప్పండి, ఆటో కట్టించుకుని వచ్చేస్తా.

మీ తాతయ్య