ఐదేళ్ల కింది జవాబుతో ఇయ్యాళ తోటకు మందు కొట్టొచ్చా? పాత చర్చలు లేపడంపై అపోహలు - వాస్తవాలు

నవంబరు వచ్చిందంటే వరంగల్, మహబూబాబాద్, భూపాలపల్లి దిక్కు మిర్చి రైతుల గ్రూపుల్లో పాత చర్చలు ఒక్కొక్కటే లేస్తాయి. నర్సంపేట దగ్గర ఎవరి తోటలోనో ఆకు ముడుచుకుంటుంది. ఆయన సెర్చ్‌లో 'ముడత' అని కొడితే 2019 నాటి పోస్టు దొరుకుతుంది. దాని కిందనే "అన్నా, నాకూ గిదే సమస్య, ఏం కొట్టాలె?" అని రాస్తాడు. ఫేస్‌బుక్ గ్రూపులో కొత్త కామెంట్ పడ్డ పోస్టు మళ్లీ పైకి వస్తుంది. పొద్దుగూకేలోపు పదిహేను మంది జవాబులిస్తారు. ఇప్పుడు అడిగిన తమ్మునికి కాదు, 2019లో అడిగినాయనకు. ఆయనేమో ఆ కాయ ఏరి, ఏనుమాముల మార్కెట్‌లో అమ్మి, ఆ పైసలతో బిడ్డ పెండ్లి కూడా చేసి ఉంటాడు.

ఇది నవ్వుకుని వదిలేసేదే. అసలు నష్టం ఈ కింది నమ్మకంతో వస్తుంది.

అపోహ: గ్రూపులో ఒకసారి తేలిన జవాబు ఎప్పటికీ జవాబే. దాన్ని పైకి తెస్తే చాలు.

వాస్తవం: మందుల విషయంలో జవాబుకు కూడా ఎక్స్‌పైరీ ఉంటుంది. పాత మిర్చి చర్చల్లో కింది ముడతకు (నల్లి వల్ల ఆకు కిందికి ముడుచుకోవడం) "డైకోఫాల్ లీటరుకు 5 మి.లీ." అని ఎక్కడ చూసినా కనిపిస్తుంది. రాసినోళ్లది తప్పు కాదు, అప్పట్లో సిఫారసు అదే. 2023లో కేంద్రం డైకోఫాల్‌ను నిషేధించింది. బూడిద తెగులుకు రాసే డైనోకాప్, పురుగుకు రాసే మెథోమిల్ కూడా అదే ఏడు నిషేధంలోకి పోయాయి. ట్రయజోఫాస్, ఫోరేట్, డైక్లోర్వాస్‌ల కథ 2020 డిసెంబరు 31తోనే ముగిసింది. ఇంకా ఎవరైనా షాపులో ఇవి తీసి ఇస్తున్నారంటే అది మూల పడ్డ పాత డబ్బా అయినా అయి ఉండాలి, నకిలీదైనా అయి ఉండాలి. బిల్లు అడిగి చూడండి, ఇవ్వరు.

నిషేధం సంగతి పక్కన పెట్టినా పురుగు కూడా పాతది కాదు. 2021-22 సీజన్‌లో మన తోటలను తుడిచిపెట్టిన నల్ల తామర పురుగు అంతకుముందు చర్చల్లో ఉండదు. పాత తామర పురుగు ప్రధానంగా లేత ఆకుల రసం పీలుస్తుంది, అంచులు పైకి ముడుచుకుంటాయి. ఈ నల్లది పువ్వులో గుంపులుగా చేరుతుంది, పూత రాలుతుంది. 2018 చర్చలో చూసి సింథటిక్ పైరెత్రాయిడ్ రకం పురుగుమందు కొడితే మిత్ర పురుగులు పోయి ఇది ఇంకా పెరుగుతుంది. పైగా 'ముడత' అని వెతికితే పై ముడత, కింది ముడత రెండూ కలగలిసి వస్తాయి. ఆకు తిరగేసిన పడవలా కిందికి ముడిచి, కాడ సాగితే అది నల్లి. నల్లికి మాత్రమే పనిచేసే మందు తామర పురుగును ఏమీ చేయదు. ఇలా ఒకరి రోగానికి రాసిన జవాబు ఇంకొకరి తోట మీద పడుతుంది.

ఇక మోతాదు. పాత పోస్టులో "ట్యాంకుకు 40" అని ఉంటుంది. ఏ ట్యాంకు? లీటరుకు 2 మి.లీ. లెక్కన 16 లీటర్ల ట్యాంకుకు 32 మి.లీ. పడాలి, 20 లీటర్లదానికి 40, 25 లీటర్లదానికి 50. ఆయన 20 లీటర్లది మనసులో పెట్టుకుని రాసింది మీరు 16 లీటర్లదాంట్లో పోస్తే పావు వంతు ఎక్కువ పడ్డట్టే. మందు పేరుతో కూడా ఇదే గోస. ఇమిడాక్లోప్రిడ్ 17.8 ఎస్‌ఎల్, 30.5 ఎస్‌సి, 70 డబ్ల్యూజి అని మూడు బలాల్లో దొరుకుతుంది. "ఇమిడా కొట్టు, ట్యాంకుకు ఇంత" అన్న పాత జవాబులో ఆ అంకె లేకపోతే ఆ జవాబు పనికిరాదు, ఎంత పెద్దాయన రాసినా సరే.

ధరల ఫోటోలూ అంతే. పోయినేడు మార్కెట్ రేటు ఫోటోను ఎవరో మళ్లీ వదులుతారు. అది చూసి ఒకాయన సరుకు అమ్మకుండా కోల్డ్ స్టోరేజీలో పెడతాడు, నెల నెలా కిరాయి మీద పడుతుంది. ఆ రేటు తేజ రకందా, వండర్ హాట్ రకందా, కొత్త కాయదా, ఏసీ సరుకుదా (కోల్డ్ స్టోరేజీలో దాచినది) అని కూడా ఫోటోలో ఉండదు.

అపోహ: అయితే పాత చర్చను లేపడమే తప్పు.

వాస్తవం: కానే కాదు. మూడు సందర్భాల్లో లేపాల్సిందే. మీరే అడిగిన ప్రశ్నకు ఫలితం చెప్పడానికి మొదటిది: "ఆ మందు కొట్టిన, వారానికి కొత్త చిగురు మంచిగ వచ్చింది" అన్న ఒక్క మాట ఇరవై సలహాల కంటే విలువైనది. పాత జవాబులో ప్రమాదకరమైన తప్పు కనిపిస్తే రెండోది, అది పదేళ్ల కిందిదైనా సరే. అదే చెలకలో అదే తెగులు తిరిగి వస్తే మూడోది. మీ తోట వేరు, సీజన్ వేరు అయితే కొత్త పోస్టు పెట్టి, పాతదాని లింకు ఇవ్వండి. ఫేస్‌బుక్‌లో పోస్టు మీద ఉన్న తేదీని నొక్కితే ఆ పోస్టు విడిగా తెరుచుకుంటుంది, ఆ లింకు కాపీ చేసుకోవచ్చు. టెలిగ్రామ్ పెద్ద గ్రూపుల్లో మెసేజ్‌ను నొక్కితే కాపీ లింక్ వస్తుంది.

వాట్సాప్‌లో చిక్కు వేరే. పాత మెసేజ్‌ను రిప్లైలో పెడితే దాని ముక్క, రాసినాయన పేరు కనిపిస్తాయి, తేదీ మాత్రం కనిపించదు. ఫార్వర్డ్ చేస్తే కొత్త టైం పడుతుంది, రాసినాయన పేరు కూడా పోతుంది. రెండు బాణాల గుర్తు ఉంటే చాలా చేతులు మారిందని అర్థం, నిజమని కాదు, కొత్తదని అంతకన్నా కాదు. అందుకే మొదటి లైన్‌లో తేదీ మీరే చేత్తో రాయాలి. తేదీ తెలియకపోతే గ్రూపు పేరు నొక్కి, సెర్చ్‌లోకి పోయి, క్యాలెండర్ గుర్తు మీద కొట్టి ఆ రోజుకు వెళ్లి చూడండి.

సరిగ్గా లేపితే ఇట్లుంటుంది:

"ఇది 2019 నవంబరు పోస్టు. ఇందులో చెప్పిన డైకోఫాల్ ఇప్పుడు బంద్ అయింది, ఎవరూ అడగొద్దు. మాది పరకాల దిక్కు, తేజ, నాటి 62 రోజులైంది. ఆకులు కిందికి ముడిచినయి, కాడలు సాగినయి. పువ్వును తెల్ల కాగితం మీద తట్టి చూసిన, పురుగు రాలలేదు. పది రోజుల కింద గంధకం పొడి లీటరుకు 3 గ్రాములు కొట్టిన, తగ్గలేదు. ఆకు పైన, కింద తీసిన ఫోటోలు పెడుతున్న."

దీనికి తెలిసినాయన రెండు నిమిషాల్లో జవాబు చెప్తాడు. "ముడత వచ్చింది, మందు చెప్పండి" అంటే పది మంది పది మందులు చెప్తారు, అందులో నాలుగైతే మందు షాపుల వాళ్లు చెప్పినవే.

అపోహ: అడిగిందే మళ్లీ అడిగితే తిడతారు, కాబట్టి పాత పోస్టు కిందనే దూరాలి.

వాస్తవం: ఈ భయం అడ్మిన్లు పెట్టిందే. "వంద సార్లు చెప్పినం, పైన చూస్కోండి" అని కసిరితే మనిషి పోయి పాత జవాబే తీసి కొడతాడు. రాత్రి పదకొండింటికి తోట ఫోటో పెట్టేటాయనకు ఎకరానికి లక్ష దాటి పెట్టుబడి ఇరుక్కుని ఉంటుంది. ఆయనకు మర్యాద పాఠం చెప్పే వేళ కాదది. ప్రతి సీజన్ మొదట్లో సరిచూసిన జవాబు ఒకటి తేదీతో రాసి పిన్ చేయండి. వాట్సాప్‌లో మూడు మెసేజ్‌ల దాకా, 30 రోజుల దాకా పిన్ ఉంటుంది. నెల తిరగ్గానే మళ్లీ పిన్ చేయాలి, చాలామంది ఇక్కడే మర్చిపోతారు.

అపోహ: తప్పని తేలిన పాత జవాబును డిలీట్ చేస్తే సరిపోతుంది.

వాస్తవం: దాని స్క్రీన్‌షాట్ ఊర్లు తిరుగుతూనే ఉంటుంది. డిలీట్ చేస్తే దాన్ని సరిచూసుకునే చోటు కూడా పోతుంది. ఫేస్‌బుక్‌లో అయితే ఎడిట్ చేసి పై లైన్‌లోనే "ఇది ఇప్పుడు చెల్లదు, ఫలానా ఏడు నిషేధించారు" అని పెట్టండి. వాట్సాప్‌లో ఎడిట్ 15 నిమిషాలే, కాబట్టి దానికే రిప్లైగా సవరణ రాయాలి.

అపోహ: "థాంక్స్", "ఫాలోయింగ్", దండం బొమ్మ పెట్టడం మర్యాద.

వాస్తవం: ఫేస్‌బుక్‌లో అది మూడేళ్ల కింది పోస్టును అందరి నెత్తిన పెట్టడమే. లైక్ కొట్టండి, దాచుకోవాలంటే సేవ్ నొక్కండి.

అపోహ: పాత పోస్టుకు కామెంట్లు ఆపేస్తే రాసినాయనను అవమానించినట్టు.

వాస్తవం: కాదు. భూముల గ్రూపుల్లో అయితే ఈ పని ఎప్పుడో చేసి ఉండాల్సింది. భూ రికార్డుల పోర్టల్ ధరణి పోయి 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది. ఇంకా ధరణి మాడ్యూళ్ల పేర్లు చెప్పే జవాబులు పైకి లేస్తున్నాయి, వాటిని పట్టుకుని జనం మీసేవకు పోయి తిరిగొస్తున్నారు. కామెంట్లు ఆపి, చివర్లో కొత్త చర్చ లింకు ఇస్తే చాలు.

మందు విషయం అర్ధరాత్రి తేలకపోతే పొద్దున మీ క్లస్టర్ ఏఈఓకు (వ్యవసాయ విస్తరణ అధికారికి) ఆకు, పువ్వు తీసుకెళ్లి చూపించండి. లేదంటే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551, తెలుగులోనే మాట్లాడతారు. ముడతకు ఒక్క రాత్రి ఆగితే తోట పోదు.