కళ్లంలో వడ్లు, మరలో బియ్యం: రన్నింగ్ బ్యాక్‌ను ఎంచే లెక్క

డాలస్‌లో స్థిరపడిన ఒక పాఠకుడు ఇటీవల ఒక ప్రశ్న పంపారు. వారి అబ్బాయి స్నేహితుడు అక్కడి హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో రన్నింగ్ బ్యాక్, అంటే బంతిని చంకన పెట్టుకొని ప్రత్యర్థుల మధ్య నుంచి దూసుకుపోయేవాడు. ఆ కుర్రవాడు పెద్ద విశ్వవిద్యాలయంలో చేరి రెండేళ్లు బెంచి మీద కూర్చోవడం మేలా, చిన్న కళాశాలలో చేరి మొదటి ఏడాది నుంచే ప్రతి ఆటా ఆడడం మేలా, ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్టులో ఏ దారికి ఎక్కువ అవకాశం అన్నది వారి సందేహం. ఆట నియమాల జోలికి నేను పోను. పరుగును గజాల్లో కొలుస్తారనీ, ఎన్‌ఎఫ్‌ఎల్ అనే వృత్తి లీగ్‌లోని 32 జట్లు ఏటా డ్రాఫ్టు పేరిట ఏడు విడతల్లో దాదాపు 260 మంది కళాశాల ఆటగాళ్లను ఎంచుకుంటాయనీ తెలిస్తే చాలు.

పెద్ద, చిన్న అన్న మాటలకు అక్కడ ఒక కొలత ఉంది. 2024 వరకు అమల్లో ఉన్న నియమాల ప్రకారం మొదటి డివిజన్‌లోని పై మెట్టు జట్టు 85 మందికి పూర్తి స్కాలర్‌షిప్ ఇవ్వవచ్చు. అదే డివిజన్‌లోని రెండో మెట్టుకు 63, రెండో డివిజన్‌కు 36 స్కాలర్‌షిప్పులకు సరిపడే మొత్తం మాత్రమే అనుమతి. మూడో డివిజన్‌లో క్రీడా స్కాలర్‌షిప్పే లేదు.

ఈ విషయం చర్చకు వచ్చినప్పుడల్లా కొన్ని పేర్లు వినిపిస్తాయి. విల్లనోవా నుంచి వచ్చిన బ్రయన్ వెస్ట్‌బ్రూక్‌ను 2002లో 91వ స్థానంలో ఎంచుకున్నారు. నార్తర్న్ అయోవా నుంచి వచ్చిన డేవిడ్ జాన్సన్‌ను 2015లో 86వ స్థానంలో ఎంచుకుంటే, మరుసటి ఏడాదే పరుగులూ క్యాచ్‌లూ కలిపి 2,118 గజాలతో లీగ్‌లో అందరికన్నా ముందు నిలిచాడు. ఇద్దరివీ రెండో మెట్టు కళాశాలలే గనుక కళాశాల పరిమాణంతో పనిలేదని తేల్చేస్తారు. ఈ వాదనలో ఒక మెలిక ఉంది. దానిని విప్పడానికి కళ్లం దాకా వెళ్లాలి.

రెండు బస్తాలున్నాయనుకుందాం. ఒకదానిలో మరలో ఆడించి, జల్లించిన బియ్యం ఉంది. రెండోది కళ్లంలో నూర్చినది నూర్చినట్టే ఎత్తిన ధాన్యం, అందులో తాలు ఎక్కువ, మట్టిబెడ్డలూ ఉంటాయి. కళ్లు మూసుకొని ఒక్కో బస్తా నుంచి ఒక్కో గింజ తీసి చూస్తే, రెండూ పైకి ఒకేలా నిండుగా కనిపించినా, వాటిని నమ్మే తీరు ఒకటి కాదు. పెద్ద విశ్వవిద్యాలయం మొదటి బస్తా: అక్కడి శిక్షకులు హైస్కూళ్లను ముందే జల్లించి, మేలైన కుర్రవాళ్లను ఏరుకొని ఉంటారు. వారు వదిలేసినదే చాలావరకు చిన్న కళాశాలకు చేరుతుంది.

ఇక లెక్క. ఈ అంకెలు సౌలభ్యం కోసం నేను వేసుకున్నవే గాని గణాంకాలు కావు. పెద్ద జట్లలోని రన్నింగ్ బ్యాకులలో వృత్తి స్థాయికి తగినవారు ఐదుగురిలో ఒకరు, చిన్న జట్లలో యాభై మందిలో ఒకరు అనుకుందాం. అనుకూల, ప్రతికూల నిష్పత్తులుగా రాస్తే మొదటిది 1కి 4, రెండోది 1కి 49. ఒక సీజన్‌లో 1,500 గజాలు దాటడం అనర్హుడికన్నా అర్హుడికి ఎనిమిది రెట్లు సులువైతే, ఆ ఎనిమిదితో గుణిస్తే చాలు. పెద్ద జట్టు కుర్రవాడి నిష్పత్తి 8కి 4 అవుతుంది, అంటే మూడింట రెండు వంతుల నమ్మకం. చిన్న జట్టు కుర్రవాడిది 8కి 49, అంటే నూటికి పద్నాలుగు మాత్రమే. అవే 1,500 గజాలు! రెండోవాడు మొదటివాడి నమ్మకాన్ని అందుకోవాలంటే మరో 12.25 రెట్ల బరువున్న సాక్ష్యం తేవాలి. ఇది బేయీ సిద్ధాంతమే. ఇంటర్మీడియట్‌లో దీనిని పెట్టెలతోనూ, ఎర్ర బంతులూ తెల్ల బంతులతోనూ చెప్పి సూత్రం బట్టీ పట్టిస్తారు. జీవితంలో ఎక్కడ ఎదురవుతుందో చెప్పకపోవడం వల్లనే అది పరీక్ష మరునాటికి మరుపున పడుతుంది.

పైగా రెండు చోట్లా సాక్ష్యానికి ఎనిమిది బరువే ఇవ్వడం చిన్న జట్టు పట్ల నేను చూపిన ఔదార్యం. గజాలు ఒక్కడి సొత్తు కావు. ముందు దారి తెరిచే లైన్‌మెన్ బలమూ, ఎదుటి రక్షణ బలహీనతా వాటిలో కలిసి ఉంటాయి. ప్రత్యర్థులు తేలికైతే అనర్హుడు కూడా 1,500 దాటగలడు గనుక ఎనిమిది మూడుకు దిగిపోవచ్చు.

మరి మూడు సీజన్లు వరుసగా దాటితే ఎనిమిదిని మూడుసార్లు గుణించవచ్చు కదా అని అడగవచ్చు. కళ్లంలో తూర్పారబట్టినవారికి దీని జవాబు తెలుసు. గాలికి తాలు ఎగిరిపోతుంది, మట్టిబెడ్డ మాత్రం గింజతోపాటే కింద పడుతుంది. అదే గాలిలో పదిసార్లు తూర్పారబట్టినా బెడ్డ పోదు. దానికి జల్లెడ కావాలి. బియ్యమయ్యాక కూడా మిగిలిన రాయిని తీయడానికి నీళ్లలో గాలించాలి. అంటే కావలసింది వేరే రకం పరీక్ష. నెబ్రాస్కాలోని చాడ్రన్ స్టేట్ అనే రెండో డివిజన్ కళాశాలలో డానీ వుడ్‌హెడ్ నాలుగేళ్లలో 7,962 గజాలు పరుగెత్తాడు, ఆ డివిజన్ అత్యుత్తమ ఆటగాడి పురస్కారాన్ని రెండుసార్లు గెలిచాడు. అయినా 2008 డ్రాఫ్టులో ఏడు విడతలు ముగిసినా అతని పేరు ఎవరూ పిలవలేదు. అన్ని గజాలూ ఒకే గాలిలో తూర్పారబట్టినవి. అతను నికార్సైన గింజేనని తర్వాత తేలింది: డ్రాఫ్ట్ లేకుండానే లీగ్‌లో చేరి, లీగ్ తుది పోరైన సూపర్ బౌల్‌లో టచ్‌డౌన్ కూడా చేశాడు, అంటే బంతిని ప్రత్యర్థి గీత దాటించి పాయింట్లు తెచ్చాడు.

అందుకే డ్రాఫ్టుకు ముందు గడియారం పెట్టి చూసే 40 గజాల పరుగు పరీక్షకు అంత విలువ. గడియారానికి లైన్‌మెన్ ఉండరు, ప్రత్యర్థులుండరు, కళాశాల పేరూ తెలియదు. బిల్ బార్న్‌వెల్ అనే విశ్లేషకుడు ఈ సమయానికి శరీర బరువును జోడించి ఒక సూచీ ప్రతిపాదించాడు: పౌండ్లలో బరువును 200తో గుణించి, సెకన్లలో సమయం నాలుగో ఘాతంతో భాగించాలి. 205 పౌండ్ల మనిషి 4.5 సెకన్లలో పరుగెత్తితే దాదాపు 100 వస్తుంది. నాలుగో ఘాతం వల్ల సమయం 4.5 నుంచి 4.4కు తగ్గితేనే సూచీ తొమ్మిది శాతం పెరుగుతుంది. ఈస్ట్ కరోలినాకు చెందిన క్రిస్ జాన్సన్ 2008లో ఇండియానాపొలిస్ పరీక్షల్లో 197 పౌండ్ల బరువుతో 4.24 సెకన్లలో పరుగెత్తాడు. లెక్క వేస్తే దాదాపు 122. పై మెట్టుదే అయినా పెద్ద పేరు లేని ఆ జట్టు నుంచి అతను 24వ స్థానంలో ఎంపికై, 2009లో 2,006 గజాలు సాధించాడు.

ఇప్పుడు మొదటి మెలికకు రావచ్చు. వెస్ట్‌బ్రూక్, డేవిడ్ జాన్సన్ వంటివారు అదనపు జల్లెడలు దాటాకే డ్రాఫ్టుకు చేరారు. ఎంపికైనవారిని మాత్రమే పక్కపక్కన పెట్టి చూస్తే చిన్న కళాశాలవారు పెద్దవారికి తీసిపోనట్టే కనిపిస్తారు, ఎందుకంటే ఆ సమానత్వాన్ని జల్లెడే తయారుచేసింది. కళాశాల ప్రభావం ఎంపిక కానివారిలో దాగి ఉంది, వారి పేర్లు జాబితాలో ఉండవు.

బస్తా నాణ్యతను నిర్ణయించేది పరిమాణం ఒక్కటే అనుకోవడం కూడా పొరపాటే. అమెరికా దక్షిణాదిలోని చాలా పెద్ద విశ్వవిద్యాలయాలు 1960ల చివరి వరకు నల్లజాతి ఆటగాళ్లకు తలుపులు మూసి ఉంచాయి. అలబామా విశ్వవిద్యాలయం స్కాలర్‌షిప్ పొందిన తొలి నల్లజాతి ఆటగాడు విల్బర్ జాక్సన్ మైదానంలోకి దిగింది 1971లో. మేలిమి ధాన్యం జాక్సన్ స్టేట్ వంటి నల్లజాతి కళాశాలల్లోనే నిలిచిపోయిన కాలం అది. 1975 డ్రాఫ్టులో ఆ ఒక్క కళాశాల నుంచే వాల్టర్ పేటన్ నాలుగో స్థానంలో, రాబర్ట్ బ్రజీల్ ఆరో స్థానంలో ఎంపికయ్యారు.

పెద్ద జట్టులో బెంచి సంగతికి వస్తే, అలబామాలో ఏ సీజన్‌లోనూ వెయ్యి గజాలు దాటని జాష్ జేకబ్స్‌ను 2019లో 24వ స్థానంలో తీసుకున్నారు. 2022లో 1,653 గజాలతో లీగ్‌లో ప్రథముడు అతనే. బస్తా మీద ముద్ర చూసి గింజను నమ్మిన సందర్భమిది. టెక్సస్ విశ్వవిద్యాలయంలో తోటి రన్నింగ్ బ్యాక్ రికీ విలియమ్స్ నీడన ఉండిపోయిన ప్రీస్ట్ హోమ్స్‌ను మాత్రం 1997లో ఎవరూ ఎంచుకోలేదు.

కళాశాల మారితే ఏడాది కూర్చోవాలన్న నిబంధన 2021లో సడలడంతో పాఠకుడు అడగని మూడో దారి తెరుచుకుంది. చిన్న చోట ఆడి గజాలు కూడబెట్టి, చివరి ఏళ్లలో పెద్ద చోట నిరూపించుకోవచ్చు. 2025 డ్రాఫ్టులో 104, 105 స్థానాల్లో వరుసగా ఎంపికైన భయ్‌షుల్ ట్యూటెన్, క్యామ్ స్కాటెబో ఇద్దరూ రెండో మెట్టు కళాశాలల నుంచి వర్జీనియా టెక్‌కూ, అరిజోనా స్టేట్‌కూ మారినవారే. బోయిసీ స్టేట్‌ను వీడని ఆష్టన్ జెంటీ 2,601 గజాలతో ఆరో స్థానం పొందాడు, కాని ఆ జట్టు 85 స్కాలర్‌షిప్పుల మెట్టుదే. మంచి గింజలు ఇలా మధ్యలోనే బస్తా మారుతూ పోతే, చివరి ఏడాది వరకు చిన్న కళాశాలలోనే మిగిలిన కుర్రవాడిని చూసే నిపుణుడు ఇతన్ని పెద్దవాళ్లెవరూ ఎందుకు పిలవలేదని కూడా అడుగుతాడు. నేను 1కి 49గా వేసుకున్న నిష్పత్తిని అప్పుడు 1కి 99గా దిద్దుకోవలసి రావచ్చు.