ఉన్న స్టేటస్ పోతుందా? హెచ్-1బి, గ్రీన్‌కార్డు కుటుంబాల్లో అపోహలు - వాస్తవాలు

అమెరికాలో ఇమిగ్రేషన్ లాయర్‌గా నా పనిలో ఎక్కువ భాగం తెలుగు కుటుంబాలతోనే. ఒకప్పుడు ఫోన్ చేసినవాళ్లు "గ్రీన్‌కార్డు ఎప్పుడొస్తుందండీ?" అని అడిగేవాళ్లు. 2025 నుంచి ఆ ప్రశ్న మారింది. "ఉన్నది పోతుందా?" అంటున్నారు. వీళ్లంతా చదువుకుని, హెచ్-1బి (ఉద్యోగ వీసా) లాటరీలో పేరొచ్చి, ఏటా పన్నులు కడుతూ, చట్టం చెప్పినట్టే నడుచుకుంటున్నవాళ్లు. రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో ఒక మెసేజ్ వస్తే చాలు, తెల్లారే వరకు నిద్ర ఉండదు.

ఆ భయాన్ని కొట్టిపారేయను. నియమాలు నిజంగానే మారుతున్నాయి, అదీ చాలా వేగంగా. అయితే నేను చూసిన కేసుల్లో స్టేటస్ (దేశంలో చట్టబద్ధంగా ఉండే అనుమతి) పోయినవి చాలావరకు వైట్‌హౌస్ ప్రకటన వల్ల పోయినవి కావు. ఐ-94 (దేశంలోకి వచ్చినప్పుడు ఇచ్చే ఎంట్రీ రికార్డు) మీద తేదీ చూసుకోక కొన్ని పోయాయి, ఎవరో చెప్పింది నమ్మి కొన్ని, కంగారులో పెట్టిన సంతకంతో కొన్ని. అందుకే ఇది రాస్తున్నాను. ఇవి అందరికీ వర్తించే సంగతులు. మీ కేసు గురించి నిర్ణయం తీసుకునే ముందు మీ కాగితాలు చదివిన లాయర్‌తో మాట్లాడండి.

అపోహ: పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు అయిపోయింది కాబట్టి నేను అవుట్ ఆఫ్ స్టేటస్

కాదు. స్టాంపు దేశంలోకి రావడానికి. లోపల ఎంతకాలం ఉండొచ్చో చెప్పేది ఐ-94. స్టాంపు ఎప్పుడో అయిపోయి, హెచ్-1బి ఎక్స్‌టెన్షన్ మీద ఏళ్ల తరబడి సక్రమంగా ఉంటున్నవాళ్లు లక్షల్లో ఉన్నారు. దేశం బయటికి వెళ్లి తిరిగి రావాలన్నప్పుడే స్టాంపు అవసరం.

అసలు ప్రమాదం దీనికి తలకిందులుగా ఉంటుంది. స్టాంపు ఉంది, ఐ-797 (హెచ్-1బి అప్రూవల్ నోటీసు) మీద ఇంకా రెండేళ్లు ఉంది, కానీ పాస్‌పోర్టు ఆరు నెలల్లో అయిపోతుంది. ఇండియా నుంచి తిరిగొచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టులో ఆఫీసర్ ఆ పాస్‌పోర్టు గడువు వరకే ఐ-94 ఇస్తారు. ఎవరూ గమనించరు. పాస్‌పోర్టు రెన్యూ చేయించుకుని హాయిగా ఉద్యోగం చేసుకుంటారు. ఐ-94 మాత్రం ఎప్పుడో ముగిసిపోయి ఉంటుంది. ఏ ఉత్తరమూ రాదు, ఎవరూ హెచ్చరించరు. మామూలుగా చివర ఇచ్చిన ఐ-94దే లెక్క. అందుకే అమెరికాలో దిగిన ప్రతిసారీ, ఇంటికి చేరిన రోజే, సీబీపీ (ఎయిర్‌పోర్టులో తనిఖీ చేసే సరిహద్దు శాఖ) వెబ్‌సైట్‌లో ఇంటిల్లిపాదివీ ఐ-94లు డౌన్‌లోడ్ చేసి తేదీలు చూడండి.

ఇంటిల్లిపాదివీ అని ఊరికే అనలేదు. భర్త కంపెనీ మారితే కొత్త కంపెనీ ఆయనకు హెచ్-1బి ఫైల్ చేస్తుంది. ఆయన గడువు మూడేళ్లు పెరుగుతుంది. భార్యాపిల్లల హెచ్-4 (హెచ్-1బి వాళ్ల కుటుంబానికిచ్చే స్టేటస్) దానంతట అది పెరగదు, దానికి వేరే ఐ-539 దరఖాస్తు పెట్టాలి. "కంపెనీ లాయర్ చూసుకుంటాడనుకున్నాం" అనే మాట చాలాసార్లు విన్నాను. చాలా కంపెనీల లాయర్లు అడిగితే తప్ప కుటుంబం ఫైలు ముట్టుకోరు. గట్టిగా అడగండి.

అపోహ: లేఆఫ్ అయితే 60 రోజులు గ్యారంటీ, అవి అయిపోతే మర్నాడే డిపోర్టేషన్

రెండు ముక్కలూ తప్పే. ఈ 60 రోజుల వెసులుబాటు 2017 జనవరి నుంచి అమల్లో ఉంది. "60 రోజులు, లేదా ఐ-94 గడువు, ఏది ముందైతే అది" అన్నది నియమం. ఐ-94 ఇరవై రోజుల్లో అయిపోతుంటే మీకున్నవి ఇరవై రోజులే. పైగా ఇది హక్కు కాదు, ప్రభుత్వ విచక్షణ. 2025లో ఈ 60 రోజుల లోపే కొందరికి డిపోర్టేషన్ విచారణకు రమ్మని కోర్టు నోటీసులు వచ్చాయి కూడా. అది మామూలుగా జరిగేది కాదు, కానీ "అసలు జరగదు" అని ఎవరైనా అంటే నమ్మకండి.

లెక్క ఎక్కడ మొదలవుతుందన్నది ఇంకో గందరగోళం. సాధారణంగా జీతం లెక్కగట్టిన చివరి రోజు మర్నాటి నుంచి. మూడు నెలల సెవరెన్స్ (ఉద్యోగం తీసేసినప్పుడు ఇచ్చే పరిహారం) ఇచ్చారని గడువు మూడు నెలలు జరగదు. నోటీసు కాలంలో పేరోల్ మీదే ఉంచి జీతం ఇస్తుంటే వాదనకు తావుంటుంది. కంపెనీ ఇచ్చిన లేఖలో తేదీలు ఎలా రాశారో లాయర్‌కి చూపించండి.

ఆ గడువు లోపల కొత్త కంపెనీ పిటిషన్ ఫైల్ అయితే చాలు, అప్రూవల్ వచ్చి తీరాలని లేదు. 2000లో వచ్చిన ఏసీ-21 చట్టం ప్రకారం పిటిషన్ ఫైల్ అయిన దగ్గర్నుంచే కొత్త ఉద్యోగంలో చేరొచ్చు. అలాంటప్పుడు కూడా ప్రీమియం ప్రాసెసింగ్ (అదనపు ఫీజు కట్టి త్వరగా తేల్చుకోవడం) పెట్టించుకోమనే చెప్తాను. 15 పని దినాల్లో ఏదో ఒక జవాబు వస్తుంది, ఇంట్లో టెన్షన్ తగ్గుతుంది. ఉద్యోగం దొరక్కపోతే, భార్యకో భర్తకో సొంత హెచ్-1బి ఉంటే హెచ్-4కి మారొచ్చు. అదీ కుదరకపోతే బీ-2 (విజిటర్) స్టేటస్‌కి దరఖాస్తు పెట్టొచ్చు. పెట్టాక పని చేయకూడదు, అది తిరస్కరిస్తే ఇబ్బంది తీవ్రంగానే ఉంటుంది. అందుకని మొదటి వారంలోనే లాయర్‌ని కలవండి. యాభై ఐదో రోజున వచ్చినవాళ్లకు నేను చేయగలిగేది చాలా తక్కువ.

అపోహ: దరఖాస్తు పెండింగ్‌లో ఉంటే స్టేటస్ ఉన్నట్టే

ఐ-94 గడువు లోపే ఎక్స్‌టెన్షన్ ఫైల్ చేసి, అది పెండింగ్‌లో ఉంటే, దేశంలో ఉండనిస్తారు. అదే కంపెనీలో హెచ్-1బి ఎక్స్‌టెన్షన్ అయితే 240 రోజుల వరకు పని కూడా చేసుకోవచ్చు. కానీ ఆ దరఖాస్తు తిరస్కరణకు గురైతే, పాత ఐ-94 ముగిసిన నాటి నుంచే మీకు స్టేటస్ లేనట్టు. అలా తిరస్కరణ తర్వాత దేశంలో చట్టబద్ధంగా ఉండే ఆధారం లేనివాళ్లకు కోర్టు నోటీసు ఇవ్వాలని 2025 ఫిబ్రవరి 28న యూఎస్‌సీఐఎస్ (ఇమిగ్రేషన్ దరఖాస్తులు చూసే ప్రభుత్వ శాఖ) మెమో తెచ్చింది. మునుపు ఇలాంటి కేసుల్లో సర్దుకుని వెళ్లిపోవడానికి కొంత వ్యవధి దొరికేది.

హెచ్-4 ఈఏడీ (పని అనుమతి కార్డు) మీద ఉద్యోగం చేసే ఆడవాళ్లకు ఇంకో మార్పు గట్టిగా తగిలింది. రెన్యూవల్ పెడితే పాత కార్డు మీద 540 రోజుల వరకు ఆటోమేటిక్‌గా పొడిగింపు వచ్చేది. 2025 అక్టోబర్ 30 నుంచి ఫైల్ చేసినవాటికి అది తీసేశారు. కార్డు గడువు ముగిసి, కొత్తది చేతికి రాకపోతే పని ఆపేయాల్సిందే. గడువుకు 180 రోజుల ముందే రెన్యూవల్ పెట్టొచ్చు. ఆ మొదటి రోజే పెట్టండి. హెచ్-4 ఈఏడీని రద్దు చేసేశారన్న ప్రచారం మాత్రం నిజం కాదు. 2015 నాటి ఆ నియమాన్ని సవాలు చేసిన కేసును విచారించడానికి సుప్రీంకోర్టు 2025 అక్టోబర్‌లో నిరాకరించింది.

అపోహ: అమ్మానాన్నల గ్రీన్‌కార్డుకు ఆరు నెలలకోసారి వచ్చి వెళ్తే చాలు

పెద్దవాళ్ల విషయంలో నాకు ఎక్కువ బాధ కలిగించే అపోహ ఇదే. పిల్లలు సిటిజన్లయ్యాక తల్లిదండ్రులకు గ్రీన్‌కార్డు చేయిస్తారు. వాళ్ల ఇల్లు గుంటూరులోనో వరంగల్‌లోనో, స్నేహితులు అక్కడే, డాక్టర్ అక్కడే. చలికాలం రాగానే వెళ్లిపోతారు, ఎండలు ముదరగానే వస్తారు. ఆరు నెలల లెక్క ఒక్కటే గుర్తుపెట్టుకుంటారు.

180 రోజుల లోపు తిరిగొస్తే చట్టం మిమ్మల్ని మామూలుగా కొత్తగా ప్రవేశం కోరేవాళ్లుగా చూడదు, అది నిజమే. కానీ గ్రీన్‌కార్డు ఇచ్చింది ఇక్కడ నివాసం ఉండటానికి. ఏళ్ల తరబడి ఏడాదిలో ఎక్కువ భాగం అక్కడే గడిపితే, ప్రతిసారీ ఐదున్నర నెలలకే తిరిగొచ్చినా, "మీ ఇల్లు నిజంగా ఎక్కడ?" అని ఆఫీసర్ అడగొచ్చు. ఇక్కడ రెసిడెంట్‌గా టాక్స్ ఫైల్ చేస్తున్నారా, బ్యాంకు ఖాతా ఉందా, స్టేట్ ఐడీ ఉందా, ఎవరింట్లో ఉంటున్నారు అన్నవి అప్పుడు పనికొస్తాయి. ఏడాది దాటి బయట ఉండాల్సి వస్తే ముందుగా రీఎంట్రీ పర్మిట్ తీసుకోవాలి. మామూలుగా రెండేళ్లకు ఇస్తారు. అమెరికాలో ఉన్నప్పుడే దరఖాస్తు పెట్టాలి, హైదరాబాద్ నుంచి పెట్టడం కుదరదు.

2025లో కొన్ని ఎయిర్‌పోర్టుల్లో పెద్దవాళ్లను పక్క గదిలో కూర్చోబెట్టి, గంటలకొద్దీ ప్రశ్నలు వేసి, ఐ-407 అనే ఫారం ముందు పెట్టిన సంఘటనలు జరిగాయి. ఆ ఫారం అర్థం ఏమిటంటే, "నా గ్రీన్‌కార్డును నేనే ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నాను" అని. పదహారు గంటలకు పైగా ప్రయాణం చేసి, బీపీ మాత్ర కూడా వేసుకోని మనిషి "సంతకం పెడితే బయటికి పంపిస్తారేమో" అనుకుని పెట్టేస్తారు. పెట్టాక వెనక్కి తీసుకోవడం చాలా కష్టం.

ఇంట్లో పెద్దవాళ్లకు ఈ నాలుగు సంగతులు తెలుగులో కాగితం మీద రాసి పాస్‌పోర్టులో పెట్టండి. ఎయిర్‌పోర్టు ఆఫీసర్ తనంతట తాను గ్రీన్‌కార్డు రద్దు చేయలేరు, ఆ అధికారం ఇమిగ్రేషన్ జడ్జిది. ఐ-407 మీద సంతకం పెట్టాలని ఎవరూ బలవంతం చేయకూడదు. "నేను జడ్జి ముందే మాట్లాడతాను" అనే హక్కు మీకుంది. భాష అర్థం కాకపోతే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగొచ్చు. అలా అడిగినందుకు ఎక్కువసేపు కూర్చోబెట్టొచ్చు, కార్డు తీసుకుని కోర్టు నోటీసు ఇవ్వొచ్చు, కొన్ని సందర్భాల్లో నిర్బంధించనూవచ్చు. ఆ కష్టం లేదని చెప్పను. అయితే కోర్టుకు వెళ్తే, వాళ్లు నివాసం వదిలేశారని రుజువు చేయాల్సిన బరువు ప్రభుత్వం మీదే ఉంటుంది, జడ్జి తేల్చేదాకా వాళ్లు శాశ్వత నివాసులే.

అపోహ: "వీసా రివోక్ అయింది" అని ఈమెయిల్ వస్తే వెంటనే దేశం వదలాలి

2025 మార్చి, ఏప్రిల్ నెలల్లో వేలమంది విద్యార్థుల సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ డేటాబేస్) రికార్డులను ప్రభుత్వం ఉన్నట్టుండి రద్దు చేసింది. మన పిల్లలు చాలామంది ఉన్నారు. కొందరి మీద ఉన్నది పాత ట్రాఫిక్ కేసు మాత్రమే. భయపడి కొందరు టికెట్ కొనుక్కుని వెళ్లిపోయారు. ఉన్నవాళ్లలో ఎందరో కోర్టుకెళ్లారు, జడ్జీలు వరసగా స్టేలు ఇచ్చారు, ఏప్రిల్ 25న ప్రభుత్వం రికార్డులను పునరుద్ధరిస్తున్నట్టు కోర్టుకు చెప్పింది. వెళ్లిపోయినవాళ్లు మళ్లీ వీసా కోసం మొదటినుంచి లైన్లో నిలబడాల్సి వచ్చింది.

వీసా, సెవిస్ రికార్డు, స్టేటస్ మూడూ వేరు. వీసా రద్దయినంత మాత్రాన లోపల ఉన్నవాళ్ల స్టేటస్ దానంతట అది పోదు. అయితే ఆ రద్దునే కారణంగా చూపి కోర్టుకు లాగే వీలు ప్రభుత్వానికి చట్టంలో ఉంది, కాబట్టి తేలిగ్గా తీసుకోవద్దు. ముందు డీఎస్ఓతో (కాలేజీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి) మాట్లాడి సెవిస్ ఎలా ఉందో కనుక్కోండి, తర్వాత లాయర్. టికెట్ బుక్ చేయడం ఆ తర్వాతి సంగతి. తాగి కారు నడిపిన కేసు ఉంటే, ఎంత పాతదైనా, కోర్టు కొట్టేసినా, దేశం దాటే ముందు తప్పకుండా అడగండి. అలాంటి అరెస్టు మీద వీసా రద్దు చేయడం చాలా ఏళ్లుగా ఉన్న పద్ధతే.

అపోహ: హెచ్-1బి ఉన్నవాళ్లు బయటికెళ్తే లక్ష డాలర్లు కట్టాలి

2025 సెప్టెంబర్ 19 శుక్రవారం వైట్‌హౌస్ నుంచి ఆ లక్ష డాలర్ల ప్రకటన వచ్చినప్పుడు విమానం ఎక్కినవాళ్లు దిగిపోయారు, పెళ్లిళ్లకు వెళ్లినవాళ్లు వెనక్కి పరుగెత్తుకొచ్చారు. సెప్టెంబర్ 21 నుంచి వేసే కొత్త పిటిషన్లకే ఆ సొమ్ము అని తర్వాత స్పష్టత ఇచ్చారు. ఉన్న వీసా మీద తిరిగొచ్చేవాళ్లకు, దేశంలోనే ఉండి ఎక్స్‌టెన్షన్ లేదా స్టేటస్ మార్పు పొందేవాళ్లకు వర్తించదని అక్టోబర్ 20 నాటి మార్గదర్శకాలు చెప్పాయి. ఎఫ్-1 (విద్యార్థి స్టేటస్) నుంచి హెచ్-1బికి మారుతున్న పిల్లలు ఆ మార్పు అప్రూవ్ కాకముందే ఇండియా వెళ్లొద్దు. వెళ్తే మినహాయింపు పోతుంది.

ప్రయాణాల్లో నేను భయపడేది ఆ లక్ష గురించి కాదు, స్టాంపింగ్ (కాన్సులేట్‌లో పాస్‌పోర్టు మీద కొత్త వీసా వేయించుకోవడం) గురించి. 2025 సెప్టెంబర్ 2 నుంచి డ్రాప్‌బాక్స్ (ఇంటర్వ్యూ లేకుండా వీసా రెన్యూవల్) దాదాపు అందరికీ పోయింది. డిసెంబర్ 15 నుంచి హెచ్-1బి, హెచ్-4 వాళ్ల సోషల్ మీడియా పరిశీలన మొదలైంది. డిసెంబర్‌లో నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో అపాయింట్‌మెంట్ ఉన్నవాళ్లకు తేదీలు నెలల తరబడి వెనక్కి జరిగాయి. రెండు వారాల సెలవు మీద వెళ్లి, పిల్లలను ఇక్కడ బడిలో వదిలి అక్కడ ఇరుక్కున్నవాళ్లున్నారు. స్టాంపు గడువు ఉంటే, కంపెనీ మారినా సరే, పాత స్టాంపుతో పాటు కొత్త ఐ-797 చూపించి రావచ్చు. స్టాంపు లేకపోతే, ఎంత దగ్గరివాళ్ల పెళ్లయినా, "నెలలు ఆగిపోతే ఉద్యోగం నిలుస్తుందా?" అని మేనేజర్‌ని అడిగాకే టికెట్ కొనండి.

అపోహ: బెంచ్ మీద ఉన్నప్పుడు పేరోల్ సంగతి కన్సల్టెన్సీ చూసుకుంటుంది

హెచ్-1బి మీద ఉన్నవాళ్లకు ప్రాజెక్టు లేకపోయినా జీతం ఇవ్వాల్సిన బాధ్యత కంపెనీదే. మీ డబ్బు మీ దగ్గరే తీసుకుని పేరోల్ నడిపించడం చట్టవిరుద్ధం. పే స్టబ్‌లు లేని నెలలు రేపు ఎక్స్‌టెన్షన్‌లో మీ ముందుకే వస్తాయి. కార్మిక శాఖకు డబ్ల్యూహెచ్-4 ఫారంతో ఫిర్యాదు చేయొచ్చు, పన్నెండు నెలల లోపు. ఇంకో నగరానికి మారితే కంపెనీ మీ హెచ్-1బి పిటిషన్‌కు అమెండ్‌మెంట్ (సవరణ) వేసిందా అన్నది కూడా కనుక్కోండి. 2015 నుంచి అది తప్పనిసరి.

అపోహ: కంపెనీ వదిలితే గ్రీన్‌కార్డు లైన్ మొత్తం పోతుంది

ఐ-140 (మీ గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయి 180 రోజులు దాటితే, కంపెనీ వెనక్కి తీసుకున్నా మామూలుగా దాని ఆధారంగా హెచ్-1బి ఆరేళ్ల పరిమితి తర్వాత కూడా ఎక్స్‌టెన్షన్లు అడగొచ్చు. మోసమో, పెద్ద తప్పో బయటపడితే తప్ప ప్రయారిటీ డేట్ (లైన్‌లో మీ స్థానం చెప్పే తేదీ) మీదే. ఐ-140 నోటీసు కాపీ, కనీసం రసీదు నంబర్, దగ్గర పెట్టుకోండి. ఈ భయంతో పదేళ్లు తక్కువ జీతానికి, అవమానాలు పడుతూ ఒకే చోట ఉండిపోయినవాళ్లను చూశాను. అంత అవసరం లేదు.

"పిల్లలకు 21 ఏళ్లు నిండితే ఏమవుతుందో" అన్న భయం

ఇది అపోహ కాదు, నిజం. 21 నిండితే హెచ్-4 పోతుంది. ఏటా ఉద్యోగ ఆధారిత గ్రీన్‌కార్డులు సుమారు లక్షా నలభై వేలు, ఒక్కో దేశానికి ఏడు శాతం పరిమితి. మన లైన్ పొడవుకు కారణం అదే. దరఖాస్తుదారు పిల్లల వయసు లెక్కించే పద్ధతిని కూడా 2025 ఆగస్టు 15 నుంచి యూఎస్‌సీఐఎస్ కఠినం చేసింది. డేట్స్ ఫర్ ఫైలింగ్ (దరఖాస్తు పెట్టుకోగల తేదీలు) చార్టుతో కాకుండా ఫైనల్ యాక్షన్ డేట్స్ (గ్రీన్‌కార్డు ఇవ్వగల తేదీలు) చార్టుతో వయసు లెక్క ఆపుతున్నారు. దాంతో కొందరు పిల్లలు లైన్ చివర్లో జారిపోతున్నారు. ఇరవయ్యో పుట్టినరోజు నాటికి బిడ్డకు ఎఫ్-1 మార్పు ఎప్పుడు ఫైల్ చేయాలో తేదీ ఖాయం చేసుకోండి, కాలేజీ ఫీజు స్టేట్ రెసిడెంట్ రేటులో ఉంటుందా అన్నది మీ రాష్ట్ర నియమాల్లో చూసుకోండి, ఐ-20 (ఎఫ్-1కి కాలేజీ ఇచ్చే పత్రం) కోసం కాలేజీకి ఆ సెమిస్టర్ ముందే రాయండి.